ఓర్వకల్లు రాళ్ళ దగ్గర నేను లెక్కపెట్టిన బండ్లు

ప్రపంచంలో ఉన్న పెట్రోలునంతా ఒక్క కర్నూలు-కడప రోడ్డు మీద పోసి తగలబెట్టిన మొనగాణ్ణి నేను. కాగితం మీదే అనుకోండి. అయినా ఆ మంటలో నా కొలువు కాలిపోయింది. చెబుతాను, నవ్వుకోండి. కానీ మిట్టమధ్యాహ్నం ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం చదవకండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. కట్టడాలు చాలక ఆఫీసులకు గుడారాలు వేశారు. అలాంటి ఒక గుడారంలో నేను తాత్కాలిక గుమాస్తాను. మాది మైదుకూరులో బట్టల అంగడి. "ఆర్నెల్లలో నీ కొలువు ఖాయం కాకుంటే వచ్చి గజంబద్ద పట్టుకో. ఈడ గుడ్డ చింపే మనిషి లేక శానా ఇబ్బందిగా ఉండాది" అని మా నాయన బస్సెక్కించేటప్పుడే చెప్పాడు. గజంబద్ద అంటే నాకు తేలు కన్నా భయం.

ఐదో నెలలో మా ఆఫీసరు పిలిచారు. కోస్తాలో పుట్టి, మద్రాసు మీదుగా మా ఎండల్లోకి వచ్చిపడిన పెద్దమనిషి.

"ఇంకో ఇరవై ఏళ్ళకి ప్రపంచంలో బళ్ళకీ, మోటార్లకీ ఎంత ఇంధనం కావాలో లెక్క కడుతున్నారయ్యా. మన రోడ్డు లెక్క మనం పంపాలి. ఓర్వకల్లు దగ్గర ఆరు రోజులు కూర్చో. దాటిన ప్రతి బండికీ ఒక గీత పెట్టు. రోజుకెంత పెరుగుతోందో చూసి, ఆ లెక్కన ఇరవై ఏళ్ళు ముందుకు లాగు."

"ఎద్దుల బండ్లు కూడానా సార్?"

"ఎద్దు తినే గడ్డి కూడా ఇంధనమే. దాన్ని పెట్రోలు కిందకి మార్చు. లెక్క బాగుంటే నీ ఉద్యోగం ఖాయం చేయిస్తాను."

ఆరు రోజులు చూసి ఇరవై ఏళ్ళ సంగతి చెప్పడమేమిటని మీరు అడగవచ్చు. నేను అడగలేదు. అడిగితే గజంబద్ద.

ఓర్వకల్లు రాళ్ళు చూశారా? మనుషులు గుంపుగా నిలబడి, మనం రాగానే మాట ఆపేసినట్టుంటాయి. వాటి నీడలో తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, నల్ల గొడుగు పట్టుకుని కూర్చున్నాను. బండి కనిపిస్తే చాలు, చూపుడువేలు చాచి పైకే లెక్కపెట్టి గీత గీసేవాణ్ణి. మొదటి రోజు ఇరవై బండ్లు, రెండు బస్సులు, మూడు లారీలు. ఒక బండాయన ఎద్దుల్ని ఆపాడు.

"ఏమప్పా, ఈడ కూర్చోని ఏం చేస్తాండావు?"

"లెక్కపెడతాండా."

"ఎద్దుల్నా?"

"ఎద్దుల్ని, బండిని, నిన్ను. అన్నీ రాస్తాండా."

"రాసి యాడికి పంపుతావు?"

"శానా పైకి" అన్నాను దర్జాగా.

ఆయన ముఖం పాలిపోయింది. ఎద్దుల్ని అదిలించి బండి తోలుకుపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. కొమ్ము విరిగిన తెల్లెద్దు కట్టిన బండి నా ముందు నుంచి పోయింది. కాసేపటికి తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది. తోలేది నిన్నటి మనిషే. "ఓ అన్నా" అని పిలిచాను. పలకలేదు, తల తిప్పలేదు. గొడుగు కాస్త దగ్గరకు లాక్కున్నాను. అయినా మూడు గీతలు గీశాను.

మూడో రోజు అలాంటివి పది బండ్లు. నాలుగో రోజు లారీలు కూడా. ఐదో రోజు బస్సు నిండా జనం, ఒక్కరి నోట మాట లేదు, అందరూ బొమ్మల్లా ముందుకే చూస్తున్నారు. చంకలో బిడ్డ ఏడవబోతే తల్లి దాని నోరు మూసింది. ఆ బస్సు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. ఇవి బతికున్నవాళ్ళ బండ్లు కావని నాకు రూఢి అయింది. పళ్ళు టకటకలాడుతుంటే ఆంజనేయుణ్ణి తలుచుకున్నాను. చెయ్యి మాత్రం గీతలు మానలేదు. దయ్యాలైనా దాటితే లెక్కే కదా. ఆరో రోజు సాయంత్రానికి పుస్తకం నిండిపోయింది.

ఇక గుడారంలో కూర్చుని పెరుగుదల గీత గీశాను. కాగితం చాలలేదు. గంజితో ఇంకో నాలుగు అతికిస్తే అది బల్ల దాటి గుడారం గుంజ ఎక్కింది. ఎలుకను తవ్వి కొండను పట్టానన్నమాట. ఇరవై ఏళ్ళకు ప్రపంచపు పెట్రోలంతా మా ఒక్క రోడ్డుకే చాలదని తేలింది. మిగతా దేశాలు నడిచిపోవాలని చివర్లో ఒక సలహా కూడా రాశాను.

ఆఫీసరు ఆ గీత వెంట గుంజ దాకా నడిచి చూశారు. "ఇది నిజమేనా?"

"నా కళ్ళతో చూశాను సార్."

"పంపే ముందు నేనూ చూస్తాను."

జీపు నడిపేది ఖాసిం, ఓర్వకల్లు మనిషి. నన్ను నా రాయి దగ్గర దించి, వాళ్ళు కాస్త దూరంలో జీపు ఆపుకున్నారు. రోడ్డు మీద పురుగు కూడా లేదు. గంట గడిచింది. నా కొలువు కళ్ళముందే కరిగిపోతోంది. జీపు నా వైపు కదిలింది. కనీసం ఒక్కటైనా చూపిద్దామని వేలు చాచి, "ఒకటి" అన్నాను.

జీపు నన్ను దాటిపోయింది. తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది.

"ఆపవయ్యా ఖాసిం, ఎక్కడికి?" అని ఆఫీసరు అరుస్తున్నారు. ఖాసిం రెప్ప కూడా వేయడం లేదు. మూడోసారి దాటాక ఆపి, ఊపిరి వదిలాడు.

"తప్పయింది సార్. మధ్యలో మాట్లాడకూడదు, పక్కకు చూడకూడదు."

"ఏం?"

"లెక్కేస్తే తరుగుతాది సార్. మేము గొర్రెల్ని గూడా వేలు చూపించి లెక్కేయం. ఈయప్ప ఎద్దుల్ని, మనుషుల్ని లెక్కేసి పైకి పంపుతాండాడంట. ఆ దిష్టి పోవాలంటే మూడు మాట్లు దాటాల. దాటితే ఆ మూడూ లెక్కేస్తాండాడు. మళ్ళీ దానికి తొమ్మిది మాట్లు దాటాల. ఎద్దులు నురగలు కక్కినాయి సార్. ఈయప్ప లేచిపోయినాకనే జనానికి నిద్ర పట్టింది."

ఆఫీసరు నా పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు. మాట్లాడలేదు, వెనక్కి చూడలేదు. జీపెక్కి వెళ్ళిపోయారు. కర్నూలుకు నడిచే వచ్చాను. దారంతా సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

ఆ నెలాఖరున మా గుడారంలో తాత్కాలిక గుమాస్తాలను వేలు చూపించి లెక్కపెట్టారు. ఖాసిం మాట అక్షరాలా నిజమైంది. ఒకడు తరిగాడు.

అప్పటి నుంచి మైదుకూరు అంగట్లో గుడ్డ చింపుతున్నాను. ఈ గజంబద్ద మీద ఒట్టు, ప్రాణమున్నదేదీ ఇక లెక్కపెట్టను. ఇది చదివినవాళ్ళు ఎందరని కూడా లెక్కపెట్టను. కాబట్టి మీరు నిశ్చింతగా ఒక్కసారే చదివి వెళ్ళిపోవచ్చు.