ధనుష్కోటి దాకా మా అవ్వ, ఒక పాత రైలు పుస్తకం

మా చిన్నప్పుడు సాయంత్రం గొర్రెలు దొడ్లోకి చేరాక మా అవ్వ రైలెక్కేది... ఇంటి ముందు చాప మీద కూర్చునే.

ఉదయగిరి పక్కన మా ఊరికి రైలు లేదు. మాకు ఉన్నది ఒక పుస్తకం. తెల్లదొరల కాలంలో తెలుగులో అచ్చయిన రైలు యాత్రల పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఊరి పెద్దింట్లో అటక దులిపి పారేసిన చెత్తలోంచి మా నాయన ఏరుకొచ్చాడు. వాళ్ళ పుస్తకాలు అటక మీద బూజు పట్టేవి. మా ఇంట్లో చదువు అప్పటికి ఆరో తరగతి దాకా వచ్చింది... అంటే నా దాకా.

ఏ స్టేషన్లో దిగితే ఏం చూడాలి, నీళ్ళు మంచివా కావా, ఎద్దుల బండి దొరుకుతుందా, సత్రంలో ఎవరిని ఎక్కడ ఉండనిస్తారు... అన్నీ అందులో ఉండేవి. నేను చదివేదాన్ని. అవ్వ స్టేషన్‌కొక చింతపిక్క చొప్పున చాప మీద వరసగా పేర్చేది. నెల్లూరు, గూడూరు, మద్రాసు... ఆఖరి పిక్క ధనుష్కోటి. అక్కడితో పట్టాలు సమాప్తమని, ముందు సముద్రమని రాసి ఉంది.

"నేల అయిపోయే చోటు చూడాల మే నేను," అనేది అవ్వ.

మా తాత ఏటా మందను తోలుకుని సంగం దాకా నడిచేవాడు, వరి కోసిన చేలల్లో ఎరువుకు మంద కట్టేవాడు. అవ్వ ఆత్మకూరు దాటి ఎరగదు. మందతో మగవాళ్ళు పోవాలి, ఆడవాళ్ళు ఇంటి దగ్గర పిల్లల్నీ ఈనిన గొర్రెల్నీ చూసుకోవాలి. ఎవరు పెట్టిన చట్టమో నన్నడగకండి.

తాత పోయిన ఏడాది నాయన రెండు పొట్టేళ్ళు అమ్మి అవ్వతో "పోదాం పద మా" అన్నాడు. పొట్టేళ్ళు కొన్నాయన పుస్తకం చూసి అనుమానపడ్డాడు. "ఏందిరా, ఇంత పాత పుస్తకం పట్టుకోని పోతావా? ఆ దోవ ఉండాదో లేదో!"

నాయన నవ్వేశాడు. "మా గొర్రెలు నడిచిన మట్టి దోవే ముత్తాత నాటి నుంచి చెరగలా. ఇనప దోవ చెరిగిపోతాదా?"

గొర్రెలు కాసేవాడికి మాత్రమే తట్టే తర్కం అది. ఇంట్లో ఎవరికీ తప్పనిపించలేదు.

పుస్తకం చదివిపెట్టడానికి నేనూ బయల్దేరాను. ఆత్మకూరు బస్సు, నెల్లూరులో రైలు, మద్రాసు... ఎగ్మూరు స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన తెలుగు వచ్చినవాడే. నాయన మాటకు తలెత్తి చూశాడు.

"ధనుష్కోటికి రైలెక్కడుందయ్యా? తుపానుకు ఊరే కొట్టుకుపోయి ఇరవై ఏళ్ళయింది. రామేశ్వరం వరకే."

"పుస్తకంలో ఉండాది సార్."

"అయితే ఆ పుస్తకాన్నే అడుగు టికెట్!"

వెనక లైన్లో వాళ్ళు నవ్వారు. అవ్వ నాయన చెయ్యి గిల్లింది. "ఇనప దోవని సముద్రం తినిందంట! రామేశ్వరానికే తీసుకోరా అబ్బయా. ఆడికి పోయి కనుక్కుందాం."

రామేశ్వరంలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రైలు నిజంగానే అక్కడ ఆగిపోయింది. సత్రం మాత్రం పుస్తకంలో రాసిన చోటే ఉంది. గుమ్మంలో ఉన్న తెలుగాయన మొదటి ప్రశ్న... "మీరేం కులం?"

"గొర్రెలు మేపుకుంటాం సామీ," అన్నాడు నాయన.

"లోపలి గదులు మీకు కాదు. ముందు వసారాలో పడుకోండి."

అవ్వ నా వైపు తిరిగింది. "పుస్తకంలో ఏమని ఉండాది మే?"

నేను గట్టిగా చదివాను. బ్రాహ్మణులకు లోపలి గదులు. శూద్రులకు ముందు వసారా. తక్కినవారికి ప్రవేశము లేదు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, పుస్తకంలోనే ఉంది!"

అవ్వ మెట్టు దిగింది. "ధనుష్కోటి రైలు పుస్తకంలో ఉండాది, ఈడ లేదు. ఇది మాత్రం ఆడా ఉండాది, ఈడా ఉండాది. పదండి, ఆ స్టేషన్లోనే పడుకుందాం. రైలోళ్ళన్నా ఏం కులమని అడగలా."

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ "తక్కినవారు" ఎవరని ఆ పూట మాలో ఎవరమూ అడగలేదు. వసారాలో పడుకోమన్నందుకు మాకు రోషం వచ్చింది. వసారా కూడా లేనివాళ్ళు మాకు గుర్తే రాలేదు.

మర్నాడు చేపల లారీలో కొంత దూరం, ఇసకలో నడక కొంత దూరం. పైకప్పు లేని స్టేషన్ గోడలు... ఇసకలోంచి వంగి లేచిన పట్టా ముక్క... రెండు వైపులా నీళ్ళు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. అవ్వ ఆ పట్టా మీద చెయ్యి వేసి చూసింది. ఏడవలేదు, మొక్కలేదు.

"నువ్వెందుకురా అట్టా ఉండావు? నేల అయిపోయింది కదా. నేను చూడాలన్నది ఇదే కదా," అంది. తర్వాత నాతో, "పెన్సిల్ ఉండాదా మే? ఈడ రైలు లేదని రాయి. లేకుంటే ఇంకెవురన్నా మనమాదిరి నగుబాటయిపోతారు."

రాశాను. సత్రం గురించిన వాక్యం వెనక పేజీలోనే ఉంది. "దీన్ని కొట్టేయమంటావా అవ్వా?"

"కొట్టేయబాక. అది లేకుండా పోయినాక కొట్టేద్దువులే."

ఇప్పుడు మా వైపు కూడా రైలు దారి వేస్తున్నారు. కాలం మారిపోయింది, ఇంకా ఈ కులం గోలేమిటని కింద కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు. రాయండి. రాసేముందు మీ వీధిలో అద్దె ఇల్లు అడిగే మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో కాస్త విని రండి. పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ వాక్యం ఇంకా కొట్టేయలేదు.

మీ మొదటి రైలు ప్రయాణం కబుర్లు చెప్పండి... కిటికీ పక్క సీటు గురించి, కంట్లో పడ్డ బొగ్గు నలుసు గురించి కూడా, కాదనను. దిగాక మిమ్మల్ని ఏ గుమ్మం దగ్గర ఆపారో అది కూడా రాయండి. మీ గుమ్మం దగ్గర మీరు ఎవరిని ఆపారో... అది ముందు రాయండి.