పచ్చ గేటు ఇల్లు

తిరుపతిలో ఎవరి వీధి గురించి వాళ్లేమనుకుంటున్నారో తెలుసుకునే సర్వే ఒకటి మా బడి టీచర్ల మీద పడింది. నీళ్లు, దీపాలు, రోడ్డు, శుభ్రత, భద్రత. ఒక్కోదానికి ఐదుకి ఎన్ని మార్కులేస్తారో ఇంటింటికీ వెళ్లి అడగాలి. నాకు మా వీధే ఇచ్చారు. సెలవు రోజు ఎండలో ఊరి ఆ చివరికి పోనక్కరలేదని సంతోషపడ్డాను.

ఆ వీధిలో నాలుగేళ్లుగా ఉంటున్నా, నాకు తెలిసినవి మా పక్కనున్న రెండిళ్లే. వీధి మధ్యలో మలుపు ఉంది. మాది పై చివర. నేను స్కూటీ మీద అటునుంచే రోడ్డెక్కేస్తాను. నా భర్తకు సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. కంపెనీ బస్సు కోసం తెల్లవారకముందే కింది వైపుగా బండి మీద వెళ్తాడు.

మలుపు దాటాక మొదటి ఇంట్లో ఒక అవ్వ అరుగు మీద కూర్చుని పూలు కడుతోంది. నగరి నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటోందట.

"రామ్మా, ఈడ కూర్చో. నీళ్లకి నాలుగు ఏసుకో. దీపాలకి మూడు. మగ్గాల సప్పుడులో పుట్టి పెరిగినదాన్ని, నాకీ వీధి శానా నెమ్మదిగా ఉండాది."

"శుభ్రతకి?"

"సున్నా," అంది వెంటనే. ఎదురుగా ఉన్న ఖాళీ జాగా చూపించింది. చెత్త కవర్లు గుట్టగా పడి ఉన్నాయి. "పైన పచ్చ గేటు ఇల్లు ఉండాదే, ఆయప్ప రోజూ పొద్దన్నే బండి మీద పోతా పోతా కవరు ఇసిరేసి పోతాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగస్తులంట. సదువుకున్నోళ్లే ఇట్ల జేస్తే ఎవరికి సెప్పుకునేది?"

పచ్చ గేటు మాదే.

సున్నా వేసి, కారణం దగ్గర 'ఖాళీ స్థలంలో చెత్త' అని రాసి లేచాను. తర్వాతి ఇంట్లో రిటైరైన కండక్టర్ ఒకాయన ఫోన్ తీసి ఫోటో చూపించాడు. హెల్మెట్, వీపు, చేతిలో నేను చీర కొన్న షాపు కవరు. ఆ ముడి కూడా నేను వేసిందే.

చెత్త బండి ఎనిమిదిన్నరకు వస్తుంది. అప్పటికి మేమిద్దరం ఇంట్లో ఉండం. అందుకని రాత్రే కవరు కట్టి గేటుకు తగిలించేదాన్ని. తెల్లారేసరికి అక్కడ ఉండేది కాదు. నా పని అంతటితో అయిపోయిందనుకునేదాన్ని.

సాయంత్రం నా భర్తను అడిగాను. "ఆడ అందరూ ఏస్తా ఉండారు, నేనొక్కడినేనా?" అన్నాడు. మళ్లీ, "కవరు యాడికి పోతా ఉండాదని నువ్వెప్పుడైనా అడిగినావా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాట నిజం.

ఆదివారం అవ్వ దగ్గరికి వెళ్లాను. "పచ్చ గేటు ఇల్లు మాదే అవ్వా," అన్నాను.

ఆమె చేతిలో దారం ఆగిపోయింది. "అయ్యో, ఆ పొద్దే సెప్పింటే నోరు మూసుకునేదాన్ని గదమ్మా!"

"అందుకే చెప్పలేదు."

అవ్వ నవ్వలేదు. దారం పక్కన పెట్టి, "నువ్వు బడికి పోయేటప్పుడు బకెట్టు ఈడ పెట్టి పో. బండొస్తే నేనిస్తాలే," అంది. పెద్దావిడ చేత మా చెత్త మోయించడమా అని ఇబ్బందిపడ్డాను. "మోసేదేముందిమ్మా, అరుగు కాడికే వస్తాది," అంది. అప్పటినుంచి నేను స్కూటీని కింది వైపుగా తిప్పుకుని వెళ్తున్నాను. ఖాళీ జాగాలో ఇప్పటికీ కవర్లు పడుతూనే ఉన్నాయి. కొంచెం తగ్గాయని అవ్వ అంటుంది, కండక్టర్ ఒప్పుకోడు.

మొన్న అవ్వ మోకాలి ఆపరేషన్‌కి వెళ్లింది. ఆ వారం నా భర్తకు సెలవు. రెండిళ్ల బకెట్లూ పట్టుకుని వీధిలో నిలబడ్డాడని కండక్టర్ చెప్పాడు. చెత్త బండి మీదొచ్చిన ఆమె మా బకెట్టులోకి తొంగి చూసి, "తడిదీ పొడిదీ కలిపేసినావేందప్పా? ఏరి తీసుకురా పో, నేనుంటా," అంది.

నా భర్త అవ్వ అరుగు మీద కూర్చుని ఏరాడు.