పైపు చివరి అల్లం

నా కూతురి బిడ్డ హైదరాబాద్‌లో అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పోయినేడు అల్లం తవ్వకానికి ఇంకా నెల ఉందనగా, చెప్పాపెట్టకుండా జహీరాబాద్‌లో బస్సు దిగి మా చేను దగ్గరి ఇంటికి వచ్చింది. బట్టల సంచీతోపాటు పుస్తకాల పెట్టె కూడా తెచ్చింది. తిరిగి వెళ్లే ఆలోచన లేదని నాకు గుమ్మంలోనే అర్థమైంది.

"సదువు ఇడ్సిపెడ్తున్న అమ్మమ్మా. సోమవారం కాలేజీకి కాయితం రాసిస్త."

"ముందుగాల కాళ్లు కడుక్కో. ఇడ్సుడు తర్వాత."

జొన్నరొట్టె తింటూ చెప్పింది. డబ్బున్న దేశాల్లోనూ కొందరి ఆదాయం ఎక్కువ, కొందరిది తక్కువ. ఆ తేడా పెరిగితే దేశం ఎదుగుదల కుంటుపడుతుందా లేదా అని కొలవడం ఆమె పని. ఒక్కో దేశానికి తేడా ఇంత అని ఒకే అంకె వేసి, ఎదుగుదలతో పోల్చి చూసింది. ఒక తీరుగా చూస్తే ఎదుగుదల తగ్గుతుందని వస్తుంది, ఇంకో తీరుగా చూస్తే ఏమీ తేలదు. రాసినదాన్ని ఆమె సారు రెండోసారి కూడా తిప్పి పంపాడు.

"పైసలున్న దేశాలల్ల గూడ లేనోళ్లుంటరా?" అన్నాను.

"ఉంటరు. ఆడికి తగ్గ లేనోళ్లు."

"మరి మూడేండ్లు సదివిందంతా బుగ్గిపాలేనా?"

పిల్ల ఏడ్చింది. ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం నాకు చేతకాదు. పని చెప్పడం వచ్చు.

"రేపు పొద్దుగాల చేన్లకు రా. గడ్డ ఎంత ఊరిందో సూడాలె."

మా అల్లానికి నీళ్లు బోరు నుంచి సన్న పైపుల్లో వస్తాయి. బోరు పక్క మొక్కలు కడుపునిండా తాగుతాయి. పైపు చివరికి పోయేసరికి సున్నం పేరుకుని చుక్క చుక్కే కారుతుంది. పొద్దున్నే మనవరాలు బోరు పక్కన ఒక మొక్క పీకింది. రెండు చేతుల నిండా వచ్చింది గడ్డ.

"అబ్బ! ఈసారి మస్తు పంట అమ్మమ్మా!"

"నిరుడు నేను గూడ గిట్లనే మురిసిన."

అంతకు ముందేడు మోకాళ్ల నొప్పికి చివరిదాకా నడవలేక, ఇక్కడే రెండు మొక్కలు పీకి చేనంతా ఇలాగే ఉందనుకున్నాను. తవ్వకం రోజు బస్తాలు తక్కువ పడ్డాయి. ఆ లోటంతా చివరి సాళ్లదే.

నడిమిలో పీకించాను, కాస్త చిన్న గడ్డ. చివర పీకించాను, బొటనవేలంత.

"బోరుకాడ ఇంకిన్ని నీళ్లు పెడితే ఈ లోటు పూడదా?" అంది.

"ఎట్ల పూడ్తది పోరీ? ఆడ ఎక్కువైతే గడ్డ కుళ్తది. ఈడ గుక్కెడు వోస్తే ఇంతకింత ఊర్తది."

"మరి చేన్ల తేడా ఎంతంటే ఏమంటవు?"

"ఏ తేడా? బోరుకు నడిమికి ఉన్నదా, నడిమికి చివరికి ఉన్నదా? రెండొకటేనా?"

పిల్ల గట్టు మీద కూలబడింది. చేతిలో గడ్డను తిప్పి తిప్పి చూసింది. "దేశాల లెక్కల నేను రెండూ కలిపేసిన," అంది మెల్లగా. తర్వాత, "ఇంకిన్ని పీకనా? కాంటా మీద పెట్టి సూస్త," అని అడిగింది.

నెల ముందు పీకితే లేత అల్లం, అమ్మకానికి పనికిరాదు. మా ఇంట్లో కూరలోకి విరిగిన ముక్కలే వాడతాను. అయినా పీకమన్నాను. మొత్తం తొమ్మిది మొక్కలు పీకింది.

"దేశంల చివరోళ్లకు అందనిదేంది? నీళ్లు గాదు గద," అన్నాను.

"సదువు గావొచ్చు. ఆళ్ల పిల్లలు నడుమల్నే బడి మానేస్తే, ఆళ్లు చెయ్యగలిగే పనంత దేశానికి లేకుంట వోతది. అది కొలవాలె." నా వైపు తిరిగింది. "నిన్ను మూడో తరగతిల ఎందుకు మాన్పిచ్చిన్రు?"

"గొడ్లు గాసెటోళ్లు లేక."

"నీకు లెక్కలొచ్చేటియా?"

"వచ్చేటివి."

ఆ మాట అంతకుముందు నన్నెవరూ అడగలేదు. కొంగుకంటిన మట్టి దులుపుకుని లేచాను. "ఇగ లే. పైపులు సాఫ్ చెయ్యాలె."

ఆదివారం సారుకు ఫోన్ చేసింది. ఉన్నవాళ్లకీ నడిమివాళ్లకీ మధ్య తేడా, నడిమివాళ్లకీ చివరివాళ్లకీ మధ్య తేడా విడివిడిగా కొలుస్తానని చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు. చివరికి, కొత్తగా రాసుకుని రమ్మన్నాడు.

"ఏమొస్తదో తెల్వదమ్మమ్మా. చివరోళ్లతోని ఏం సంబంధం లేదని గూడ రావొచ్చు."

"రానీ. సూడకుంట చెప్పుడుకన్న నయమే గద."

సోమవారం కాగితం రాయలేదు. పుస్తకాల పెట్టెను బస్సు దాకా నేనే ఒక పక్క పట్టుకున్నాను. హాస్టల్లో చాయ్‌లోకని బోరు పక్క పెద్ద గడ్డ సంచీలో పెడితే, తీసి నా చేతిలో పెట్టింది.

"నాకు చివరిది ఇయ్యి."

"తొక్క తీస్తే దాంట్ల ఏం మిగల్దు."

"తొక్క తియ్యనమ్మమ్మా. బల్ల మీద పెట్టుకుంట."

ఆ నెలంతా మా ఇంట్లో చాయ్‌లో లేత అల్లమే. దండుగ చేశానని ఒక్కనాడూ అనిపించలేదు.