కుడివైపు దోపిన కొంగు

నేను దయ్యాలను నమ్మను. ఇది చదివాక కూడా నన్ను పట్టుకొని "చూశావా, ఉన్నాయి కదా" అని ఎవరూ అనొద్దు. చనిపోయినవాళ్లు నిద్రలో ఉంటారని, పునరుత్థానం దాకా లేవరని మా ఇంట్లో చిన్నప్పటినుంచీ చెప్పారు. సమాధుల తోట పక్కనే ఆడుకొని పెరిగాను. నాచారంలో మందుల కంపెనీలో ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేశాను. ఏ మూల నుంచీ ఎవరూ వచ్చి నన్ను పలకరించలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె పేరు రాహేలు. మా వైపు నూలు మిల్లులు నడిచిన రోజుల్లో, ఒక మిల్లులో తెగిన దారాలు అతికే పని చేసేది. ఒకరోజు మిషన్ ఆపించి కింద పేరుకున్న దూది తీస్తుంటే, ఎవరో చూసుకోకుండా స్విచ్ వేశారు. అమ్మ కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి.

మిల్లువాళ్లు ఏమన్నారో తెలుసా? కొంగు జారి మిషన్‌లో పడింది, తప్పు ఆమెదే అన్నారు. ఆ ఒక్క మాటతో అమ్మ ఉద్యోగం పోయింది. మాట మాత్రం పోలేదు. నల్లా దగ్గర నిలబడ్డా, పెళ్లికి పోయినా, మా బస్తీలో ఆమె "కొంగు జారిన రాహేలమ్మ" అయింది. చనిపోయేదాకా అదే పేరు.

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మిల్లులో ఆడవాళ్లు మిషన్ దగ్గరికి పోయే ముందు కొంగు తిప్పి, కొస చుట్టచుట్టి నడుముకు బిగించుకునేవాళ్లు. అందరూ ఎడమవైపు దోపుకునేవాళ్లు. అమ్మది ఎడమచేతి వాటం కాబట్టి కుడివైపు దోపేది. ఒకసారి దోపి, మిగిలిన కొస మళ్లీ మడిచి ఇంకోసారి దోపేది. పని పోయాక కూడా ఆ అలవాటు మానలేదు. వంట చేసినా, చర్చికి వచ్చినా, దవాఖానా మంచం మీద ఉన్నా కొంగు అట్లాగే ఉండాలి. పోయినరోజు బస్తీ ఆడవాళ్లు ఆమె కొంగును భుజం మీద అందంగా సర్దారు. పెట్టె మూసే ముందు నేనే దాన్ని తీసి కుడివైపు దోపాను. ఎవరేమనుకుంటే నాకేంటి.

ఇక అసలు సంగతి. అమ్మతో పాటు అదే మిల్లులో పనిచేసిన అనసూయత్త మా పక్కింట్లో ఉంటుంది. చుట్టం కాదు, కానీ అమ్మను వదినా అని పిలిచేది. నగర చరిత్ర మ్యూజియంలో మిల్లుల మీద కొత్తగా ఒక గది పెట్టారని ఎవరో చెప్పారట, తీసుకుపొమ్మని నా ప్రాణం తీసింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక చపాతీలు కట్టుకొని, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పోయాం.

నవాబుల కత్తులు, పాత నాణేలు, చార్మినార్ ఫోటోలు చూసుకుంటూ ఆ గదికి వచ్చాం. గోడంత అద్దం. దాని వెనక ఆకుపచ్చ రంగు వేసిన పాత మిషన్, దాని ముందు చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ. జడలో పూలు, ముఖంలో నవ్వు. కొంగు మాత్రం వదులుగా జారి, సరిగ్గా మిషన్ మీద పడి ఉంది.

"ఓ బిడ్డా, కొంగు గట్ల ఇడ్సిపెట్టి ఎవలన్న మిషన్ కాడ నిలవడ్తరా?" అంది అనసూయత్త. అంటూనే ఫోన్ నా చేతికిచ్చి, బొమ్మ కనిపించేటట్టు అద్దం ముందు నిలబడి ఫోటో తీయించుకుంది.

నాకు ఫోటో సంగతి పట్టలేదు. మిల్లువాళ్లు ఆడిన అబద్ధాన్ని తీసుకొచ్చి, లైట్లు పెట్టి, అద్దం వెనక నిలబెట్టినట్టు అనిపించింది. అక్కడి ఆఫీసర్‌ను వెతికి పట్టుకొచ్చాను. కొంగు నడుముకు దోపాలి, ఇది తప్పు అని చెప్పాను. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"మీరు చెప్పింది నిజమే గావొచ్చమ్మా. కానీ అద్దం తియ్యాలంటే పని చేసిన కాంట్రాక్టరే రావాలె. మా చేతుల లేదు."

కోపంతో బయటికి వచ్చేశాను. చెట్టు కింద కూర్చొని ఇద్దరం చపాతీలు తిన్నాం. అనసూయత్త నా పక్కనుంచి లేవలేదు, నేనూ లేవలేదు. తినడం అయ్యాక, పోయే ముందు ఇంకోసారి మిషన్ చూస్తానందామె. సరే అని లోపలికి పోయాం.

కొంగు మిషన్ మీద లేదు. నడుముకు బిగించి దోపి ఉంది. కుడివైపు. కొస మడిచి రెండోసారి దోపి ఉంది.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. భయం కాదు, అదేంటో నాకే తెలియలేదు. అనసూయత్త అద్దానికి చేయి ఆనించి, "రాహేలు వదిన" అని గొణిగింది. "ఊకో అత్తా, పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసిరాను.

మ్యూజియం వాళ్లలో ఎవరో సర్ది ఉంటారని ఆఫీసర్‌ను పిలిచాను. అతను వచ్చి చూసి, నాకంటే ఎక్కువ తెల్లబోయాడు. అద్దం మూలల్లో స్క్రూలు చూపించాడు. వాటి మీదుగా వేసిన పెయింట్ ఎక్కడా పగలలేదు. అక్కడే నిలబడి కాంట్రాక్టర్‌కు ఫోన్ చేశాడు. కొంగును మిషన్‌కు జిగురుతో అంటించామని, దానంతట అది కదలదని అవతలినుంచి జవాబు వచ్చింది.

ఇంకో మాట. నేను కొంగు దోపమని మాత్రమే చెప్పాను. ఏ వైపో చెప్పలేదు. అనసూయత్త కూడా చెప్పలేదు. అక్కడ ఇంకెవరికీ మా అమ్మ అనే మనిషి ఉండేదన్న సంగతే తెలియదు.

"ఎవరిదో ఆకతాయి పని లెక్కున్నది. కాంట్రాక్టర్ను పిలిపిచ్చి మళ్ల ముందులెక్కనే చేపిస్త" అన్నాడు ఆఫీసర్.

అప్పుడు నాకు కోపం కట్టలు తెంచుకుంది. అద్దానికి అడ్డంగా నిలబడ్డాను. "ముందులెక్క అంటే మా అమ్మది తప్పని మీరు గూడ అన్నట్టే. దాన్ని ముట్టుకుంటే నేను ఊకోను సారూ" అన్నాను. స్విచ్ సంగతి, వేళ్ల సంగతి, బస్తీ పెట్టిన పేరు, అంతా అక్కడే చెప్పేశాను. చూడడానికి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. నేను ఏడ్చాను కూడా, సిగ్గుపడలేదు. అతను బొమ్మ వైపు ఇంకోసారి చూసి, "ఉండనియ్యుండ్రి అమ్మా, నేను చూసుకుంట" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత ఒక్కదాన్నే పోయి చూశాను, కొంగు అట్లాగే ఉంది. ముందు ఫోటో అనసూయత్త ఫోన్‌లో ఉంది, తర్వాతది నా ఫోన్‌లో ఉంది. చూసినవాళ్లలో కొందరు ఏసీ గాలి అన్నారు. గాలి కొంగును మడిచి రెండుసార్లు దోపుతుందా? మా పాస్టరమ్మ అయితే దాని గురించి మాట్లాడొద్దంది. ఎందుకు మాట్లాడొద్దు?

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ అద్దం వెనకకు ఎవరు పోయారో, ఎట్లా పోయారో ఎంత ఆలోచించినా నాకు అందలేదు. అందకపోతే పోనీ. మా బస్తీలో ఇంకెవరైనా ఆ పాత పేరు ఎత్తితే మాత్రం, చేయి పట్టుకొని ఉప్పల్‌లో మెట్రో ఎక్కించి, తీసుకుపోయి ఆ అద్దం ముందు నిలబెడతాను. కళ్లారా చూసుకోమంటాను. మా అమ్మ కొంగు జారలేదు.