ఎలకలూ, మా చిన్నాయనా

బెంగళూరులో నేను పరిశోధన చేసే ల్యాబులో ఎలకల గదికి కిటికీలు లేవు. అవి చీకట్లోనే మేలుకొని తిరుగుతాయని పగటిపూట వాటి కంటికి ఆనని మసక ఎర్రదీపం ఒక్కటే పెట్టేవాళ్లు. ఆ వెలుగులో కాసేపు కూచుంటే బయట ఎండ కాస్తోందన్న సంగతే మరుపొచ్చేది. ప్రతి బోనుకూ రెండు సీసాలు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో సారాయి కలిపిన నీళ్లు. చాలా ఎలకలు వాసన చూసి నీళ్లకే పోయేవి. కొన్ని మాత్రం, సీసాల చోటు మార్చినా వెతుక్కుంటూ సారాయి దగ్గరికే వచ్చేవి. వాటి మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తక్కువ. అది పెరిగేట్టు సూది వేస్తే, వాటిల్లో కొన్ని మెల్లగా నీళ్లవైపు మళ్లేవి.

అవి తాగే సన్నని చప్పుడు వింటాంటే మా చిన్నాయన కళ్లముందు మెదిలేవాడు. ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణికి పోగు పట్టుకోలేకపోయేవాడు. పిన్నమ్మ తిట్టేది, వీధిలో వాళ్లూ తిట్టేవాళ్లు. ఆయన మాత్రం తలొంచుకొని వినేవాడు.

ఒకసారి సెలవు ముగించుకొని ధర్మవరంలో రైలెక్కితే, హిందూపురంలో పట్టునూలు కొనాలని ఆయనా ఎక్కినాడు. పెనుకొండ దాటేసరికి కొండలు పొగమంచులో నేలను వదిలేసి తేలుతున్నట్టు కనపడినాయి. ఏం చదువుతాండావని అడిగితే ఎలకల సంగతంతా చెప్పినాను. ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండా విన్నాడు.

"ఆ తాగే ఎలకను మీరు తిడతారామ్మా?"

"తిట్టం చిన్నాయనా. దాని మెదడులో ఏం తక్కువైందో చూస్తాం."

మనుషుల సంగతి ఇంత సులువు కాదనీ, అయినా దీనికి వైద్యం చేసే డాక్టర్లు ఉండారనీ కూడా చెప్పినాను. అప్పుడు ఆయన కిటికీ నుంచి నావైపు తిరిగినాడు.

"హిందూపురంలో అట్లాంటి డాక్టరుంటే చూపించు" అన్నాడు.

ఆయనతోపాటే దిగేసినాను. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని చెప్పి డాక్టరు ఆస్పత్రిలో చేర్చుకున్నాడు. పిన్నమ్మ కూడా వచ్చింది. తాగుడు ఆపినందుకు వచ్చిన జ్వరంలాంటి మైకంలో చిన్నాయన పైకప్పు నుంచి రంగురంగుల పోగులు దిగుతాండాయనేవాడు, చేయి చాపి ఒక్కొక్కటే అందుకునేవాడు. మెల్లగా అవి మాయమైనాయి, చేతుల వణుకూ తగ్గింది.

అంతటితో అయిపోలేదు. బత్తలపల్లిలో ఒక పెండ్లిలో మళ్లీ తాగినాడు. మరుసటి పొద్దున ఎవరూ చెప్పకుండానే హిందూపురం బస్సెక్కినాడు. ఇప్పుడు మాత్రలు వాడుతాండాడు, మగ్గం మీద కూచుంటాండాడు.

మొన్న నేను ధర్మవరం పోయేసరికి పిన్నమ్మ మధ్యాహ్నంపూట నడవలో చాపేసుకొని ఒళ్లు తెలీకుండా నిద్రపోతాండాది. ఇన్నేండ్లలో ఆమె అట్ల పడుకోగా నేను చూడలేదు. చెప్పులు చేతబట్టుకొని, చప్పుడు కాకుండా లోపలికి పోయినాను.