ముందు సారుకు, తర్వాత పిల్లలకు

ప్రమీల పుట్టింది పుంగనూరులో. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒక అలవాటుండేది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లు ఇచ్చేలోపు వాళ్ల మొహంలోకి తేరిపార చూసి, "నీకు రాత్రి నిద్ర లేదు కదా పెద్దమ్మా?" అనో, "నీ కాలు నొస్తాంది కదా మామా?" అనో అడిగేసేది. సగం సార్లు నిజమయ్యేది. మిగతా సగం సార్లు వచ్చినవాళ్లకు అప్పటిదాకా లేని నొప్పి కొత్తగా మొదలయ్యేది. "ఈ పిల్లని నర్సింగులో వేసేయండప్పా, మాకు పీడా పోతాది" అన్నారు చుట్టాలు. నవ్వులాటకు అన్న మాటే చివరికి ఖాయమైంది. మదనపల్లెలో చదువు పూర్తి చేసి, కుప్పం ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరింది.

కుప్పం మూడు రాష్ట్రాలు ఒరుసుకునే చోటు. బిడ్డ తెలుగులో ఏడిస్తే, తల్లి తమిళంలో చెప్పేది, పక్కనున్న అవ్వ కన్నడంలో అడ్డం వచ్చేది. ప్రమీల మొదట్లో బిక్కమొహం వేసినా, తొందరగానే దారిలో పడింది. "యాడ నొస్తాంది? ఎంగ వలిక్కుదు? ఎల్లి నోవు?" అని మూడూ గుక్క తిప్పుకోకుండా అడిగేది. బిడ్డలు అదేదో పాటనుకుని ఏడుపు ఆపేవాళ్లు. ఆ ఊళ్లో ఆమె బాగా కుదురుకున్నాక మునిచంద్రతో పెళ్లయింది. అతను మదనపల్లె డిపోలో కండక్టరు. బదిలీ పెట్టుకుని ఆమె మదనపల్లె వచ్చేసింది.

వచ్చిన కొన్నాళ్లకు, ఆ చుట్టుపక్కల పిల్లల ఆరోగ్యం పనులు చూసే డాక్టరు ఉమాపతి ఆమెను పిలిచాడు. నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించి మాట్లాడే రకం.

"ప్రమీలమ్మా, ఇండ్లకు పోయి పసిబిడ్డల్ని సూసేవాళ్లు వేరే, బళ్లకు పోయి పెద్దపిల్లల్ని సూసేవాళ్లు వేరే అయిపోయినారు. ఒకరికొకరికి మాట లేదు. రెండూ కలిపి ఒక పద్ధతి వేసి పెట్టు. కురబలకోట పక్కనుంచి మొదలుపెట్టి తంబళ్లపల్లె దాకా పోదాం."

ప్రమీలకు పండగయింది. ఏ రోజు ఏ ఊరు, ఏ వారం ఏ బడి అని రంగులేసి పెద్ద చార్టు తయారు చేసింది. ఆకుపచ్చ ఇళ్లకు, నీలం బళ్లకు. గోడకు అంటించి, దూరంగా నిలబడి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూసుకుంది. గ్రామ సచివాలయాల్లోని నర్సులందరికీ ఫోటో తీసి పంపింది. అందరూ బొటనవేళ్లు ఎత్తిన బొమ్మలు పంపారు.

మొదటి ఆకుపచ్చ రోజు కురబలకోట దగ్గర ఒక పల్లెకు పోతే, వీధి వీధంతా తాళాలు. ఒక ఇంటి ముందు మాత్రం పాపమ్మ అనే ముసలామె చెనక్కాయలు ఆరబోస్తూ కూర్చుని ఉంది.

"పిల్లోళ్లు యాడికి పోయినారవ్వా?" అని అడిగింది ప్రమీల.

"పిల్లోళ్లా? తల్లులు టమేటా తోటలకి పోయినారు, సంకలో బిడ్డలు సంకలోనే పోయినారు. పొద్దు ఇంత ఎక్కినాక వస్తే ఈడ నేనొక్కదాన్నే ఉండాను. నన్నేమన్నా సూస్తావా?"

చేసేదేముంది? పాపమ్మకు బీపీ చూసింది. అది బాగానే ఉంది. "బిడ్డల కోసరం వచ్చి ముసిల్దాన్ని సూసి పోతాండావు. పోనీలే, వచ్చింది ఊరికే పోలా" అని ఆమె దోసెడు చెనక్కాయలు కొంగులో పోసింది.

సాయంత్రం ఆ చెనక్కాయలు ఒలుచుకు తింటూ మునిచంద్ర కడుపుబ్బ నవ్వాడు.

"నువ్వు ఆఫీసు పొద్దుకి పోతాండావు. ఆ ఊర్లు టమేటా పొద్దుకి నడస్తాయి. కోతలప్పుడు మా బస్సుల టైమే మార్కెట్టును సూసి మారస్తారు. నీ చార్టు ఎంతలే!"

ప్రమీలకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు. మర్నాడు ఆకుపచ్చ గళ్లన్నీ చెరిపేసి, పొద్దు పొడవక ముందే నర్సులతో తోటల గట్టు మీదికి చేరింది. టమేటా బాక్సులు ఎత్తే టెంపో వెనక కడ్డీకి తూకం కాటా వేలాడదీసి, గుడ్డ ఊయల్లో పసిబిడ్డల్ని ఒక్కొక్కరినే తూచారు. కోత కోసే ఆడవాళ్లకు అది పెద్ద తమాషా అయింది.

"నా కొడుకు అర బాక్సు తూగినాడు సూడండే!"

"మావాడు దాంట్లో సగానికి కూడా రాలేదే" అని ఒక తల్లి మొహం చిన్నబుచ్చుకుంది. ప్రమీల ఆమె పక్కనే గట్టు మీద చతికిలబడి, జావ ఎట్లా కాయాలో, అందులో చెనక్కాయల పొడి ఎంత కలపాలో ఓపికగా చెప్పింది. ఆ బిడ్డను మళ్లీ మళ్లీ వచ్చి చూసింది. తోటలు మారినప్పుడు ఏ తోటలో ఉన్నారో ఆ తల్లే ఫోను చేసి చెప్పేది.

ఇళ్ల పని ఇలా గట్టెక్కింది. అసలు చిక్కు బళ్లలో వచ్చింది.

తంబళ్లపల్లె వైపు ఒక బడికి పోయిన రోజు, ఆస్పత్రి తెల్లబండి గేటు దగ్గర ఆగిందో లేదో, "సూదులోళ్లు వచ్చినార్రోయ్!" అని ఎవరో కేక పెట్టారు. అంతే! కిటికీలోంచి కొందరు, గోడ మీంచి కొందరు, గేటులోంచి ప్రమీల పక్కనుంచే కొందరు దూసుకుపోయారు. చెనక్కాయ చేలో తలకాయలు తప్ప ఏమీ కనపడలేదు. హెడ్మాస్టరు ఆదెప్ప బెత్తం ఊపుకుంటూ చేను గట్టుదాకా పరిగెత్తి, రొప్పుతూ వెనక్కి వచ్చాడు. గోడ ఎక్కడం చేతకాని చిన్న పిల్లలు నలుగురైదుగురు మాత్రం మిగిలి, ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు.

నిజానికి ఆ రోజు సూది పనే లేదు. కళ్లూ చెవులూ పళ్లూ చూసి రావాలనే పోయారు. ప్రమీల వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. కుప్పంలో తనను చూసి ఏడుపు ఆపిన బిడ్డలు గుర్తొచ్చారు. ఇక్కడ తనను చూస్తేనే పారిపోతున్నారు. మళ్లీ వార్డు డ్యూటీ అడుక్కుందామా అనుకుంది. వార్డులో అయితే పేషెంట్లు కనీసం మంచం మీద ఉంటారు.

ఆదెప్ప ఆమెకు మంచినీళ్లు తెప్పించాడు. చేనులోంచి తలకాయలు ఇటే తొంగి చూస్తున్నాయి. వాటిని చూస్తుంటే ప్రమీలకు ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టింది.

"సార్, మీరెప్పుడన్నా డాక్టరుకి సూపించుకున్నారా?"

"నాకేమమ్మా! గుండ్రాయి మాదిరి ఉండాను."

"అయితే మళ్లీ వారం వస్తాం. ముందు మీకే పరీక్ష. పెట్టేది మీ పిల్లోళ్లే."

ఆదెప్ప గొంతుకు బడి పైకప్పు అదురుతుందని పేరు. అయినా మనసున్న మనిషి. కాస్త తటపటాయించి ఒప్పుకున్నాడు.

మళ్లీ వారం తెల్లబండి రాలేదు. ప్రమీల తంబళ్లపల్లె బస్సు దిగి, అక్షరాల అట్ట చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది. సారుకే పరీక్ష అన్న మాట అప్పటికే ఊరంతా పాకిపోయింది. ఒక్కరూ గోడ ఎక్కలేదు. అట్టను గోడకు తగిలించి, ఐదో తరగతి యమునకు పుల్ల ఇచ్చి, అక్షరాలు చూపించమంది. ఆదెప్ప ఒక కన్ను మూసుకుని గీత మీద నిలబడ్డాడు.

పై వరస గడగడా చదివాడు. రెండో వరస కాస్త నెమ్మదిగా. మూడో వరసకొచ్చేసరికి మెడ ముందుకు సాచాడు.

"ప."

"తప్పు సార్!" అని బడంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆ మాట సారును అనే అవకాశం వాళ్లకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

"అయితే... వ."

"అదీ తప్పే సార్!"

కింది వరసలో ఏమీ కనపడలేదు. ఆదెప్ప కన్ను మీది చెయ్యి తీసి, అట్ట దగ్గరికి పోయి ఆ అక్షరాల్ని వేలితో తడిమి చూశాడు. పిల్లలు భయపడి ఒకడుగు వెనక్కి వేశారు.

"అట్లయితే, ఇన్ని దినాలూ మీరు వంకరగా రాయలేదా? నేనే వంకరగా సూస్తాంటినా?" అన్నాడు చివరికి.

"కొన్ని వంకరగానే రాసినాం సార్" అంది వెనకనుంచి ఒక నిజాయితీ గొంతు.

ముందుగా నవ్వింది ఆదెప్పే. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. పిల్లలే తోసుకుంటూ వరసలో నిలబడ్డారు.

పని చివరికొచ్చింది. పుల్ల తిరిగి ఇమ్మని ప్రమీల యమునను వెనకనుంచి పిలిచింది. ఆ పిల్ల తిరగలేదు. మళ్లీ పిలిచింది. ఉహూ.

"దాని తీరే అంతమ్మా. మొండిది. పిలిస్తే పలకదు" అన్నాడు ఆదెప్ప.

ప్రమీల ఆ పిల్ల ఎడమ పక్కకు పోయి మెల్లగా పేరు పలికింది. జవాబు లేదు. కుడి పక్కకు వచ్చి అంతే మెల్లగా పలికింది. "ఏం మేడం?" అని యమున చటుక్కున తిరిగింది. ఎడమ చెవిలో లైటు వేసి చూస్తే ఎప్పటిదో చీము గడ్డకట్టి ఉంది. ఆదెప్ప అది చూశాడు. బెంచీ మీద కూర్చుని యమునను దగ్గరికి తీసుకుని, "తెలీక తిట్టినాను లేమ్మా" అన్నాడు. ఆ పిల్లకు ఆ మాట కుడి చెవిలో బాగానే వినపడింది.

మదనపల్లె ఆస్పత్రికి తల్లితో పాటు ప్రమీల కూడా వెళ్లింది. కొన్నాళ్లు మందులు పడ్డాక చెవి బాగుపడింది. ఇప్పుడు యమునది ఒకటే ఫిర్యాదు: "క్లాసులో ఫ్యాను ఇంత అరస్తాంటే ఎట్ల సదివేది సార్?" కొత్త కళ్లద్దాల్లోంచి ఆదెప్ప పైకి చూసి, ఫ్యానుకు నూనె పెట్టించాడు, పనిలో పనిగా దాని మీద పేరుకున్న దుమ్మూ తుడిపించాడు.

ఉమాపతి డాక్టరు ఈ సంగతి విని, "ముందు సారుకు, తర్వాత పిల్లలకు" అన్నదే అన్ని బళ్లకూ పద్ధతి చేశాడు. పుంగనూరు బళ్లు అడిగి నేర్చుకున్నాయి. ప్రమీల ఆ ఊరి మనిషే కాబట్టి అక్కడ ఆమెకు మర్యాదలు కాస్త ఎక్కువే జరిగాయి. చుట్టాలంతా వరసపెట్టి మోకాళ్లు చూపించుకున్నారు.

ఈమధ్య కుప్పం నుంచి కూడా పిలుపొచ్చింది. అక్కడికి పోతే, కొత్తగా చేరిన నర్సు ప్రీతి తన చార్టు పరిచి చూపించింది. చక్కని రంగులు.

"ఇండ్లకు పోతే తల్లులే దొరకడం లేదు మేడం. పోనీ టమేటా తోటల్లో సూద్దామన్నా ఆడా లేరు. శానామంది పనికి బెంగుళూరు ట్రైనెక్కి పోతాండారు."

"సాయంత్రం ట్రైను ఎప్పుడొస్తాది?"

"ఇప్పుడే వచ్చే టైము మేడం. ఎందుకడగతాండారు?"

"పదమ్మా, ఆడికే పోదాం."

ఇద్దరూ ఆటో ఎక్కి స్టేషనుకు చేరేసరికి ట్రైను వచ్చి ఆగింది. అన్నం డబ్బాల సంచులు భుజాన వేసుకుని ఆడవాళ్లు బిలబిలా దిగుతున్నారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ఎదురొచ్చిన ప్రమీలను చూసి, ముందు నడుస్తున్నామె కంగారుగా సంచి తడుముకుంది.

"టికెట్టు ఉండాది మేడం, ఉండాది!"

"టికెట్టు వద్దమ్మా" అంది ప్రమీల, ఆమె బరువు సంచి ఒక చేత్తో అందుకుంటూ. "ఇంట్లో బిడ్డలెంతమంది? నడస్తా మాట్లాడుకుందాం, పద."