ఒక్కరికే వచ్చిన ఎర్రర్

జనం వాడుతుండగా వెబ్‌సైట్లు ఎక్కడ ఆగిపోతున్నాయో పోగుచేసి, వాటిని రాసినవాళ్లకు పంపడం నా ఉద్యోగం. ఎవరి ఫోన్‌లోనైనా పేజీ మొరాయిస్తే, వాళ్లకు తెలియకుండానే ఆ కబురు మాకు చేరుతుంది. రోజూ కుప్పలుగా వస్తాయి. అందుకని మా మేనేజర్ ఒక రూలు పెట్టాడు: ఒక్కరికే వచ్చిన ఎర్రర్‌ని ‘ఇగ్నోర్’ అని కొట్టి పక్కన పడెయ్యాలట. ఆ రూలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో, మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఒక ఆంటీ ఫోన్ పట్టుకుని నా పక్కకు వచ్చారు. రొమ్ములో గడ్డ ఉందని డాక్టరు పరీక్షకు రాశారట. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే సైట్‌లోనే బుక్ చేసుకోమంటున్నారు. సైట్‌లో బటన్ నాలుగు రోజులుగా ఉలకదు, పలకదు.

"నా వేలే సరిగ్గా తగలట్లేదేమో, చూడమ్మా."

ఆ హాస్పిటల్ మా క్లయింటే. లాప్‌టాప్ తెరిచి, ఆవిడను మళ్లీ నొక్కమన్నాను. ఎర్రర్ అప్పుడే నా స్క్రీన్ మీద వచ్చి పడింది.

ఆవిడ పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడిపోయింది. మొదటి పేరు గడి ఖాళీ. హాస్పిటల్ సైట్‌లోనూ అలాగే ఎక్కింది. మనవాళ్లలో ఇలాంటివాళ్లు బోలెడుమంది. ఆ సైటు రాసిన మహానుభావుడేమో మొదటి పేరులోంచి ఒక అక్షరం తీసి, పేజీ మూలన రంగు గుండ్రంలో పెట్టాలనుకున్నాడు. పేరే లేనప్పుడు అక్షరం ఎక్కణ్ణుంచి వస్తుంది? పేజీ అక్కడే చతికిలబడింది. గడ్డ పరీక్షకు ఆ గుండ్రం సోకు అడ్డం!

మేనేజర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"వన్ యూజరే కదా, మండే చూద్దాం. ఈలోగా ఏదో ఒక లెటర్ ఎంటర్ చెయ్యమను."

"ఇదివరకు ఇంకోచోట అదీ చేశానమ్మా," అన్నారు ఆంటీ. "ఇన్సూరెన్స్ కార్డుతో పేరు కలవట్లేదని వెనక్కి కొట్టారు."

"ఆ వన్ యూజర్ నా పక్కనే కూర్చుంది!" అని అరిచాను. చేతిలో పళ్లేలతో అందరూ ఇటు తిరిగారు. సాయంత్రంలోగా సరిచేయిస్తానని అతను గొణిగాడు.

ఆంటీ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత లాప్‌టాప్ వైపు వంగి చూశారు. అక్కడ ఆవిడ నాలుగు రోజుల నొక్కుళ్లన్నీ వరసగా ఉన్నాయి.

"ఇన్నిసార్లు నొక్కానే, అవతల ఒక్కరికీ తెలియలేదా అమ్మా?"

వరస చివర ‘ఇగ్నోర్’ అని ఉంది. దాని పక్కన, అలా కొట్టినవాళ్ల పేరు ఉండేచోట, ఉన్నది నా పేరు.

"తెలిసింది ఆంటీ," అన్నాను. "నాకే తెలిసింది."